జోర్క మేకుకు వేలాడిన కొమ్మ

దారి మలుపులో కొమ్మ వేలాడుతున్నంతకాలం, దాన్ని చూసి వచ్చినవాణ్ణి గుమ్మంలోంచి వెనక్కి పంపకూడదు. పోద్లీపా ఊళ్ళో పిల్లలకు నడక రాకముందే ఈ మాట వస్తుంది. ఎవరు పెట్టిన నియమమో ఏమో, పాత చక్రవర్తుల కాలంనాటిదంటారు. ఇంట్లో పిండిన వైనూ, ఇంట్లో ఊరవేసిన మాంసమూ ఏడాదికి ఎనిమిది రోజులు ఇంటి పెరట్లోనే అమ్ముకోమని అప్పట్లో సెలవిచ్చారట. వాళ్ళ భాషలో ఎనిమిదంటే ఓసెమ్, కాబట్టి ఆ ఎనిమిది రోజుల అమ్మకానికి ఓస్మిత్స అని పేరు పడింది. ఆ చక్రవర్తులు పోయారు, ఆ ఊరి మీద ఎన్ని జెండాలు ఎగిరి దిగాయో చెప్పలేం, కొమ్మ మాత్రం దిగలేదు. పచ్చని తీగలు గుత్తిగా కట్టి, కింద ఒక చెక్క బాణం తగిలించి, మలుపు మలుపునా వేలాడదీస్తారు. త్రియెస్తె పట్నం నుంచి కొండెక్కి వచ్చే తిండిప్రియులు ఆ బాణాల వెంట పడి వచ్చేస్తారు. రోజులు అయిపోగానే కొమ్మ దించేస్తారు. తెరిచామని చెప్పడానికీ, మూశామని చెప్పడానికీ ఆ కొమ్మే.

ఆ శుక్రవారం ఉదయం నెవెంక పెరట్లో పెళ్ళి బల్లగుడ్డకు ఇస్త్రీ చేస్తోంది. మర్నాడే కొడుకు మత్యాజ్ పెళ్ళి. పెళ్ళికూతురు యెల్కా ఎక్కడో దూరం నుంచి రావడం లేదు, కింద వీధి జోర్క కూతురే. జోర్కకూ ఓస్మిత్స ఉంది. పై వీధిలో నెవెంక, కింద వీధిలో జోర్క, ముప్ఫై ఏళ్ళుగా ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. పోట్లాడుకున్నారా అంటే అదీ లేదు. చర్చిలో పక్కపక్కనే కూర్చుంటారు, జబ్బు చేస్తే మందు పేరు అడుగుతారు. కానీ నీ ఇంటి తొడ గొప్పదా, నా ఇంటి తొడ గొప్పదా అన్నచోట మాత్రం ఇద్దరికీ మెడ వంగదు. తొడంటే పంది తొడ. ఉప్పులో ఊరవేసి, బోరా గాలికి రెండేళ్ళు ఆరబెట్టి, కాగితంలా కోసి పెడతారు. ఆ కొండమీద ఆడదాని పరువు దాన్నిబట్టే కొలుస్తారు.

ఆ ఊరి పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు తల్లి కత్తిపడని తొడ ఒకటి తీసుకెళ్ళి, అందరి ముందూ మొదటి ముక్క తన చేత్తో కోసి కోడలి పళ్ళెంలో వేయాలి. అందుకని నెవెంక రెండేళ్ళ కిందటే ఒక తొడకు ఎర్రదారం కట్టి నేలమాళిగలో వెనక కొక్కేనికి వేలాడదీసింది. అప్పటికి మత్యాజ్‌కు పిల్ల కూడా కుదరలేదు. కుదిరిన పిల్ల జోర్క కూతురని తెలిసిన రోజున ఆ తొడకు ఇంకో వరస దారం చుట్టింది. "రేపు పెళ్ళిలో మా తొడ తిన్నాక మాట్లాడుకుందాం వదినగారూ" అని వసంతకాలం నుంచి జోర్క కనపడినప్పుడల్లా అంటూనే ఉంది.

ఈసారి జనం విరగబడి వచ్చారు. బుధవారం మూసేసరికి మాళిగలో కొక్కేలన్నీ బోడిగా ఉన్నాయి, ఎర్రదారం కట్టిన తొడ ఒక్కటే మిగిలింది. గురువారమంతా మనిషిని లేపుకుపోయేటంత బోరా వీచింది. శుక్రవారం ఎండ కాసింది. అప్పుడు గేటు చప్పుడైంది.

"పెద్దమ్మా, ఓస్మిత్స ఇదేనా?"

నలుగురు. ముందు నిలబడ్డావిడకు యాభై దాటి ఉంటాయి, చేతిలో నల్ల అట్ట పుస్తకం. వెనక నున్నగా గీసిన గడ్డం, బాగా పెంచిన పొట్టతో ఆమె భర్త. వాళ్ళ వెంట ఇంకో జంట, ముఖాలు ఎండకు ఎర్రబడ్డాయి.

"మూసేశామమ్మా. బుధవారమే అయిపోయింది."

"కొమ్మ ఉందిగా! దాన్ని చూసేగా గంటసేపు నడిచి వచ్చాం."

నెవెంక చేతిలో ఇస్త్రీపెట్టె గాల్లోనే ఆగింది. కొమ్మ ఉంది అన్నాక ఇంకేం మాట్లాడుతుంది? "రండి, రండి, కూర్చోండి" అంది. మల్బరీ చెట్టు కింద బల్ల తుడిచింది. ఆ చేత్తోనే గుడ్డ విసిరికొట్టి కొట్టంలోకి పోయింది. భర్త లోయ్జే అక్కడ ఖాళీ పీపా కడుగుతున్నాడు.

"ఏమయ్యా! కొమ్మలు దించమని ఎన్నిసార్లు చెప్పాను నీకు? పేకముక్క చేతిలో పడితే ఒళ్ళు తెలీదు! బయట నలుగురు వచ్చి కూర్చున్నారు!"

"దించానే. మూడూ దించాను. బావి దగ్గరిది, బస్సు ఆగేచోటిది, మన మలుపుది. కావాలంటే చూసుకో, అదిగో మూలన పడేశాను."

"మూడూ దించితే నాలుగో కొమ్మ నీ నెత్తిన మొలిచిందా? ముసలాడా, ఇప్పుడు వాళ్ళకేం పెట్టను? మట్టి పెట్టనా?"

లోయ్జే పీపాలోంచి తల బయటికి తీశాడు. "గుడ్లు పెట్టు. పెళ్ళికి ఉడికించినవి బోలెడున్నాయిగా. గుడ్డు పెడితే ఓస్మిత్స కాకపోతుందా?"

అదీ నిజమే. నెవెంక ఉడికించిన గుడ్లు, ఊరబెట్టిన దోసకాయలు, నిన్నటి రొట్టె, మిగిలిన జున్ను తెచ్చి బల్లమీద పెట్టింది. లోయ్జే నల్లటి తెరాన్ వైన్ కూజాతో తెచ్చాడు. నల్ల పుస్తకం ఆవిడ పేరు ఒర్నెల్లా అట, ఆయన పేరు గ్వాల్తియేరో. పర్మా నుంచి వచ్చారు. ఏటా ఒక దేశం తిరగడం, దొరికింది తినడం, ఎక్కడ ఏం తిన్నామో రాసుకోవడం, ఇంటికి వెళ్ళి చుట్టాలకీ పక్కాలకీ చెప్పడం. ఒర్నెల్లా ఫలానా చోట తినమందంటే వాళ్ళ వీధి వీధంతా కార్లేసుకుని బయల్దేరుతుందని గ్వాల్తియేరో గొప్పగా చెప్పాడు. "పోయినేడు ఒక పల్లెలో చేపల పులుసు బావుందని రాసింది. పాపం, ఆ పల్లెలో చేపలైపోయాయి."

"మరి తొడ తెస్తారా పెద్దమ్మా?" అంది ఒర్నెల్లా, కలం మూత తీసి.

"అయిపోయిందమ్మా. చెప్పానుగా, మూసేశామని."

"అయ్యో. దానికోసమే వచ్చాం."

నెవెంక గుండె కాస్త మెత్తబడింది కానీ మాళిగ వైపు కదల్లేదు. అంతటితో ఆగిపోతే ఈ కథే లేదు. గ్వాల్తియేరో గుడ్డు మీద ఉప్పు చల్లుకుంటూ భార్యను ఓదార్చాడు.

"పోనీలేవే. మన పర్మా తొడ తిన్న నోటికి ఇంకెక్కడిది ఆనుతుంది? ఈ కొండల్లో గాలెక్కువ, ఉప్పెక్కువ. చెప్పుముక్కలా ఉంటుందన్నాడు మా బావ. మనకు తప్పిందనుకో."

చెప్పుముక్క!

లోయ్జే కళ్ళు మూసుకున్నాడు. నలభై నాలుగేళ్ళుగా కాపురం చేస్తున్నాడు, తర్వాత ఏమవుతుందో ఆయనకు తెలుసు. నెవెంక చిరునవ్వు నవ్వింది. నవ్వుకుంటూనే మాళిగ మెట్లు దిగింది, తొడను పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు భుజాన వేసుకొచ్చి, కొయ్య పీట మీద బిగించి, ఎర్రదారం పుటుక్కున తెంపి, పొడుగాటి కత్తి తీసింది.

"నెవెంకా, అది రేపటి—" అన్నాడు లోయ్జే.

"నువ్వు నోరు ముయ్యి."

మొదటి ముక్క తీసి గ్వాల్తియేరో పళ్ళెంలో వేసింది. వెలుతురుకు అడ్డం పెడితే అవతలి చెట్టు కనపడేంత పలుచన. ఆయన నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నమలడం ఆపేశాడు. ఒకసారి భార్య వైపు, ఒకసారి నెవెంక వైపు చూశాడు. నెవెంక కత్తి పట్టుకుని అలాగే నిలబడింది.

"ఊఁ? చెప్పుముక్కేనా నాయనా?"

"పెద్దమ్మా," అన్నాడాయన, "మా బావ గాడిద."

ఇక ఆగలేదు. రెండో ముక్క, మూడో ముక్క. పొగుడుతుంటే చెయ్యి దానంతటదే ఆడుతుంది. పిక్క దగ్గరిది వేరే రుచి, ఇది తినండి. ఎముక వారది ఇంకో రుచి, అది తినండి. సగానికి సగం కోసేసేదాకా నెవెంకకు తెలివి రాలేదు. వచ్చేసరికి పెళ్ళితొడ ఎలుకలు కొట్టిన బూరెలా పీటమీద ఉంది.

నెవెంక అలా కూలబడిపోయింది. రేపు ఏం పట్టుకెళ్తుంది? ఊరంతా చూస్తుండగా కోడలి పళ్ళెంలో ఏం వేస్తుంది? జోర్క ముఖం కళ్ళముందు మెదిలింది. ఏడుపు రాబోతుంటే దాన్ని కోపం చేసి లోయ్జే మీదికి తిప్పింది.

"అంతా నీవల్లే! ఒక్క కొమ్మ! ఒక్క కొమ్మ దించలేకపోయావు!"

"పాపం పెద్దాయన్ని అనకండి," అంది ఒర్నెల్లా. "కనపడని చోట ఉందిలెండి. ముక్కు విరిగిన రాతి సాధువు గుడి లేదూ, ఆ గూడు పక్కన గోడకు."

నెవెంక చప్పున ఏప్రన్ అంచు ఒళ్ళోకి లాక్కుంది.

ముక్కు విరిగిన సాధువు ఉన్నది జోర్క మలుపులో. అక్కడి గోడకు ఒక మేకు ఉంది, ఆ మేకు జోర్కది, జోర్క అత్తగారు కొట్టినది. పోయిన శనివారం జోర్క కూడా ఓస్మిత్స తెరిచింది. ఐదు రోజులు రెండు ఇళ్ళూ తెరిచి ఉన్నాయి. ఆ శనివారం పొద్దున్నే కోడి కూయకముందు నెవెంక గంప నెత్తిన పెట్టుకుని పచ్చిమేతకు పోతున్నట్టు పోయి, జోర్క కొమ్మ కిందనే తన కొమ్మ కూడా కట్టి, బాణం పై వీధి వైపు తిప్పి వచ్చింది. జనం విరగబడి వచ్చారంటే ఊరికే వచ్చారా? బుధవారం పెళ్ళిపనుల కోసం జోర్క ఇల్లు మూసి, పొద్దుపోయాక తన కొమ్మ దించుకుంది, కింద ఇంకోటి ఉందని చీకట్లో చూసుకోలేదు. పెళ్ళి హడావుడిలో నెవెంక తన దొంగకొమ్మ మరిచేపోయింది. లోయ్జే మూడే దించాడంటే, ఆయనకు తెలిసినవి మూడే.

లోయ్జే భార్య ముఖం చూశాడు, చేతులు తుడుచుకున్నాడు. "నేను వెళ్ళి దించుకొస్తాలే" అని గేటు వైపు నడిచాడు.

గేటు తీసేసరికి అవతల జోర్క నిలబడి ఉంది.

ఒక చేతిలో పెళ్ళి రొట్టెల బుట్ట. రెండో చేతిలో కొమ్మ.

ఎంత కోపం ఉన్నా తినేవాళ్ళ ముందు రభస చేయకూడదని కూడా ఆ ఊళ్ళో ఒక మాట ఉంది. జోర్క వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. కొమ్మను గుడ్ల పళ్ళెం పక్కన పెట్టింది. వచ్చినవాళ్ళకు కూడా అర్థం కావాలని పట్నం భాషలోనే మాట్లాడింది.

"వదినగారూ, మీ కొమ్మ దారి తప్పింది. తీసుకొచ్చాను."

"నిన్న బోరా వీచిందిగా," అంది నెవెంక, గుడ్ల పళ్ళెం సర్దుతూ. "కొట్టుకుపోయి ఉంటుంది."

"అవునవును. కొట్టుకొచ్చి, తిన్నగా మా మేకుకే తగులుకుంది. తగులుకుని ఊరుకుందా, మీ నీలిచారల ఏప్రన్ పీలికతో రెండు ముళ్ళు కూడా వేసుకుంది. ఎంత పనిమంతురాలైన గాలమ్మా!"

నెవెంక ఒంటిమీద ఉన్నది ఆ నీలిచారల ఏప్రనే. కింద అంచు జానెడు మేర లేదు. నలుగురూ అంచు చూశారు, పీలిక చూశారు. గ్వాల్తియేరో గబగబా దోసకాయ నోట్లో కుక్కుకున్నాడు.

ఒర్నెల్లా మంచి మనసున్నది. మాట మార్చాలని పుస్తకం తెరిచి అంది, "పెద్దమ్మా, మేము మంగళవారం దాకా పట్నంలోనే ఉంటాం. సోమవారం ఎక్కడ తినమంటారు? మీరు చెప్పిన చోటికే వెళ్తాం."

ఆవిడకేం తెలుసు పాపం, ఆ కొండమీద అడగకూడని ప్రశ్న అదొక్కటేనని! సోమవారం మళ్ళీ తెరిచేది జోర్క ఇల్లే, ఆమెకు ఎనిమిదిలో ఇంకా మూడు రోజులు మిగిలాయి. ముప్ఫై ఏళ్ళుగా ఎవరు అడిగినా నెవెంక ఒకటే జవాబు చెప్పేది: "ఈ ఊళ్ళో ఇంకేం లేదమ్మా, మూడు ఊళ్ళవతలికి వెళ్ళండి." జోర్క కూడా అచ్చం ఇదే చెప్పేది. మూడు ఊళ్ళవతల వాడెవడో వీళ్ళ పుణ్యాన మేడ కట్టుకున్నాడు.

"చెప్పండి వదినగారూ," అంది జోర్క, రొట్టె ముక్క తుంచుతూ. "నేను కూడా వింటాను."

నెవెంక బల్లమీదున్న కొమ్మ చూసింది. సగమైన తొడ చూసింది. రేపట్నుంచి జోర్క కూతురు ఈ ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంది. ఈ కొమ్మ కథ మొదటి రోజే ఆ పిల్ల చెవిన పడుతుంది. దాంతోపాటు ఇంకేం పడాలన్నది ఇప్పుడు తన నోట్లోనే ఉంది.

"కింద వీధికి వెళ్ళండి," అంది. "జోర్క ఇంటికి."

రొట్టె తుంచుతున్న జోర్క చెయ్యి ఆగింది.

"అక్కడ ఏం బావుంటుంది?" కలం సిద్ధంగా ఉంది.

"తొడ బావుంటుంది," అంది నెవెంక. ఒకసారి నోరు విప్పాక ఆమెకు ఆగడం చేతకాదు. "మాది గుట్టమీద ఆరుతుంది, గాలి బాగా కొడుతుంది. వీళ్ళ కొట్టు లోయ వైపు. రాత్రి మంచు తగులుతుంది కాబట్టి కొవ్వు వెన్నలా ఉంటుంది, నాలుక మీద పెడితే జారిపోతుంది. మోకాలి పక్కది అడగండి. ఈవిడ లావుగా కోస్తుంది, మొహమాటపడకుండా సన్నగా కొయ్యమనండి. సాసేజి కన్నా ముందు తొడ తినండి, లేకపోతే వెల్లుల్లి ఘాటుకు రుచి తెలీదు. తెరాన్ మాత్రం ముందున్న పెద్ద పీపాది తాగకండి. గోడవారన చిన్న పీపా ఉంటుంది, దానిది."

ఒర్నెల్లా గబగబా రాసుకుంటోంది. జోర్క మాత్రం కళ్ళు చిన్నవి చేసి నెవెంకనే చూస్తోంది.

"ఆ చిన్న పీపా మేము బయటివాళ్ళకు పొయ్యం. అది ఇంటిమట్టుకే. మా గుమ్మం తొక్కని మనిషివి, నువ్వెప్పుడు తాగావు?"

ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి జోర్క ఆమెను నువ్వు అంది, అది నెవెంక గమనించనే లేదు. లోయ్జే తలెత్తి మల్బరీ ఆకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"లోయ్జే!" అంది జోర్క.

"ఆఁ?"

"వారం వారం మా ఇంటికి పేకాటకొచ్చి, వెళ్ళేప్పుడు జేబురుమాల్లో నాలుగు ముక్కలు చుట్టుకుని, దగ్గుమందు సీసాలో వైన్ పోయించుకుని, ఎవరికని అడిగితే 'మా కుక్కకు' అనేవాడివి."

"అవును. కుక్కకే."

"మీ కుక్క చచ్చి పదకొండేళ్ళైంది. దాన్ని పాతిపెట్టడానికి పార ఇచ్చింది మేమే."

నెవెంక చెవులు తెరాన్ రంగులోకి తిరిగాయి. భర్తను చూసింది. ఆయన ఆమెను చూశాడు.

"అంటే," అంది నెవెంక మెల్లగా, "పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో నేను కుక్కనన్నమాట."

ముందు నవ్వింది జోర్కే. ఆమె నవ్వు పెద్దది, ఊళ్ళో పావురాలు లేచిపోతాయి. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే బుట్టలో రొట్టెలు కిందపడ్డాయి. పర్మావాళ్ళు కూడా నవ్వారు. నవ్వడానికి మొహమాటపడినవాడు లోయ్జే ఒక్కడే.

"వైన్ కుక్క తాగుతుందా అని నేనెప్పుడైనా అడిగానా?" అంది జోర్క. "మంచి ముక్కలే కోసి ఇచ్చేదాన్ని. కుక్కకు నచ్చాలి కదా అని."

అప్పుడే ఆమె చూపు పీటమీద పడింది. నవ్వు ఆగింది. పీట కాళ్ళ దగ్గర తెగిన ఎర్రదారం వంగి తీసింది.

"నెవెంకా. ఇది రేపటి తొడ కాదు కదా?"

నెవెంక అదేనన్నట్టు తలూపింది. ఈసారి ఏడుపును కోపం చేయడానికి ఓపిక లేకపోయింది. "కొమ్మ చూసి వచ్చారుగా. ఎలా పంపను? గుడ్లు పెడితే పోయేది... చెప్పుముక్క అన్నాడు."

"చెప్పుముక్క అన్నాడా!" జోర్క గ్వాల్తియేరో వైపు గిర్రున తిరిగింది. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "మా కొండ తొడనా? సరిగ్గా చేశావు. నేనైతే పూర్తిగా కోసి పెట్టేదాన్ని."

పీట దగ్గరికి వెళ్ళి ఒక ముక్క తనే కోసుకుంది, లావుగా. నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. ఏమంటుందోనని నెవెంక చూస్తూనే ఉంది.

"ఉప్పు ఒక రవ్వ ఎక్కువ," అంది జోర్క. అని ఇంకో ముక్క కోసుకుంది.

"మరి రేపో?" అన్నాడు లోయ్జే.

"మా ఇంట్లో కత్తిపడనిది ఒకటుంది. మీది బావుండకపోతే నలుగురిలో పిల్ల పరువు పోతుందని ముందే దాచి ఉంచాను."

"ఏమన్నావు? మాది బావుండకపోతేనా?"

"అదే అన్నాను. కత్తి మాత్రం నువ్వే తెచ్చుకో. పెళ్ళికొడుకు తల్లివి, కోసేది నువ్వే. కానీ ఎవరి తొడో గట్టిగా చెప్పి కొయ్యాలి. గొణగకూడదు."

వెళ్ళేటప్పుడు జోర్క జేబురుమాలు తీసి బల్లమీద పరిచింది. నెవెంక ఏమీ అడక్కుండా సన్నగా ఆరు ముక్కలు కోసి అందులో పెట్టింది.

"మా కుక్కకు," అంది జోర్క మూట కట్టుకుంటూ. ఆ ఇంట్లో పిల్లి తప్ప కుక్క ఎప్పుడూ లేదు.

మర్నాడు పెళ్ళి విందులో ఊరంతా కూర్చుని ఉండగా, అంచు కుట్టించిన నీలిచారల ఏప్రన్‌తో నెవెంక లేచి నిలబడింది. ముక్కు విరిగిన సాధువుకు కూడా వినపడేలా, "ఇది జోర్క తొడ. కోసే చెయ్యి నాది!" అంది. కాగితంలా పలుచగా ఒక ముక్క కోసి యెల్కా పళ్ళెంలో వేసింది.

"కొంచెం లావుగా కోస్తే నీ సొమ్మేం పోయింది?" అని అవతలి కొసనుంచి జోర్క కేకేసింది.

"నీకు కొయ్యడం చేతకాదని చెప్పానుగా, అందుకే నన్ను పిలిచారు," అంది నెవెంక, రెండో ముక్క ఇంకా సన్నగా కోస్తూ.